బ్రష్షుల్లేని మోటారుకి పగ్గం వేసేదెలా?

చట్నీ రుబ్బుతుంటే మిక్సీలోంచి ఒక్కోసారి మాడు వాసన వస్తుంది. లైటు తీసేసి చూస్తే అడుగున సందుల్లోంచి నీలిరంగు నిప్పురవ్వలూ కనిపిస్తాయి. రిపేరు షాపుకి తీసుకెళ్తే 'కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయండీ' అంటాడు మెకానిక్. మార్చి ఇస్తాడు. మళ్లీ కొన్నాళ్లకి అదే కథ!

అదే ఇంట్లో హాల్లో కొత్తగా బిగించిన బీఎల్‌డీసీ ఫ్యానుకి ఆ గొడవే లేదు. బీఎల్‌డీసీ అంటే 'బ్రష్‌లెస్ డీసీ'. పేరులోనే ఉంది, బ్రష్షులు లేవని. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా కరెంటు తాగితే, ఇది ముప్ఫై వాట్లకి అటూఇటూగా సరిపెట్టుకుంటుంది. పెళ్లిళ్లలో తలమీద ఎగిరే డ్రోన్‌లోనూ, రోడ్డుమీద సద్దు చేయకుండా వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్‌లోనూ, కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లోనూ తిరిగేది ఈ జాతి మోటారే.

ఇప్పుడిది మరో చోటికీ చేరింది. ఇంట్లో బల్లమీద పెట్టుకునే బుల్లి సీఎన్‌సీ యంత్రంలోకి! ఇంజినీరింగ్ చదివే కుర్రాడో, రిటైరైన పెద్దాయనో ముచ్చటపడి ఇలాంటి యంత్రం కట్టుకుంటున్నారు. అంతా బాగానే ఉంటుంది. మోటారు దగ్గరికొచ్చేసరికే తంటా. తిరగమంటే తిరగదు. తిరిగిందా, ఆగమంటే ఆగదు. ఇంతకీ దానికి పగ్గం వేసేదెలా?

బల్లమీద కార్ఖానా

సీఎన్‌సీ అంటే 'కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్'. అంకెలతో నడిచే పనిముట్టు అనుకోండి. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇలాంటి మిల్లింగ్ యంత్రాన్ని మొదటిసారి నడిపి చూపించారు. హెలికాప్టర్ రెక్కల వంపులు కచ్చితంగా రావాలంటే అంకెలే దారి అన్న జాన్ పార్సన్స్ ఆలోచన దానికి మూలం. అప్పుడు చిల్లుల కాగితం చుట్టలమీద ఆదేశాలు రాసేవారు. యంత్రాన్ని నడిపే సరంజామాకే ఓ గది కావాల్సొచ్చేది.

ఇప్పుడు? 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యుయినో అనే అరచేతిలో పట్టే బోర్డు చాలు. దానిమీద నడిచే 'గెర్బల్' అనే ఉచిత ప్రోగ్రామ్ 2009లో వచ్చింది. ఆ రెండూ కలిసి ఒకప్పటి ఫ్యాక్టరీ విద్యని ఇంటి బల్లమీదకి తెచ్చాయి. బాగా వాడుకలో ఉన్న చిన్న యంత్రం పేరు 3018. అంటే అది పనిచేసే చోటు 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. గుమ్మానికి తగిలించే పేరు పలక, దేవుడి మందిరానికి జాలీ, ముగ్గు అచ్చులు, రేకుమీద అక్షరాలు, చిన్న సర్క్యూట్ బోర్డులు... ఎంచక్కా అన్నీ దీనిమీద చెక్కుకోవచ్చు.

ఈ యంత్రంలో రెండు రకాల మోటార్లుంటాయి. పక్కలకీ, ముందుకూ వెనక్కీ, పైకీ కిందకీ కదిపేవి స్టెప్పర్ మోటార్లు. ఇవి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే బుద్ధిమంతులు. ఒక చుట్టుకి 200 అడుగులు, అంతే. రెండోది స్పిండిల్ మోటారు. కోత పెట్టే బిట్టు ఉండేది దీనికే. దీనికి అడుగుల లెక్కతో పనిలేదు. నిమిషానికి పదివేల చుట్లు తిరగమంటే తిరగాలి. చెక్క గట్టిగా తగిలినా ఆ వేగం తగ్గకూడదు.

చౌక యంత్రాల్లో స్పిండిల్‌గా ఇచ్చేది బ్రష్షుల మోటారే. 775 అనే రకం. మిక్సీలోలాగే దీనికీ బ్రష్షులు అరుగుతాయి, రవ్వలు లేస్తాయి. ఆ రవ్వల వల్ల పుట్టే విద్యుత్ అలజడికి పక్కనున్న బోర్డు ఒక్కోసారి తికమకపడి మధ్యలోనే పని ఆపేస్తుంది. నాలుగు గంటలు చెక్కిన పలక చివర్లో పాడైతే ఎంత బాధ! అందుకే చాలామంది బ్రష్షుల్లేని మోటారుకి మారుతున్నారు.

బ్రష్షు పోయి బుర్ర వచ్చింది

మామూలు డీసీ మోటారులో తీగచుట్ట లోపల తిరుగుతుంది, అయస్కాంతం బయట కదలకుండా ఉంటుంది. తిరిగే చుట్టకి కరెంటు అందించాలి, సగం చుట్టు తిరిగేసరికి దాని దిశ మార్చాలి. ఆ రెండు పనులూ చేసేది బ్రష్షే. రాసుకుంటూ చేస్తుంది కాబట్టి అరుగుతుంది.

బ్రష్షుల్లేని మోటారులో దీన్ని తిరగేశారు. అయస్కాంతాలు తిరుగుతాయి. తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. చుట్టలు మూడు జట్లు. ఒక జట్టుకి కరెంటిస్తే అయస్కాంతం అటు లాగబడుతుంది. అది చేరేలోపే కరెంటు పక్క జట్టుకి మారుతుంది. అయస్కాంతం మళ్లీ దాని వెంట పడుతుంది. పిల్లలు ఆడే దొంగాపోలీస్ ఆటే! పోలీసుకి దొంగ ఎప్పటికీ దొరకడు, పరుగు మాత్రం ఆగదు.

ఈ మార్పిడి ఎవరు చేయాలి? బ్రష్షు లేదుగా! అందుకే ఓ ఎలక్ట్రానిక్ బుర్ర కావాలి. డ్రోన్లవాళ్లు దాన్ని 'ఈఎస్‌సీ' అంటారు. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ అన్నమాట. ఒక వరసలో ఆరుసార్లు కరెంటు దారి మార్చడం దాని పని. డ్రోన్ మోటార్లలో చాలావాటికి పద్నాలుగు అయస్కాంతాలు, అంటే ఏడు జతలు ఉంటాయి. ఒక్కో జతకి ఆరు మార్పుల చొప్పున ఒక చుట్టుకి 42 మార్పులు. నిమిషానికి పదివేల చుట్లంటే సెకనుకి ఏడువేల మార్పులు! ఒక్కటి తప్పినా మోటారు తడబడుతుంది.

మరి అయస్కాంతం ఎక్కడుందో ఆ బుర్రకి తెలిసేదెలా? రెండు మార్గాలు. ఒకటి, హాల్ సెన్సర్లు. అయస్కాంతం ఎదురుగా రాగానే కబురుపెట్టే కాపలాదార్లు ఇవి. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. మూడు జట్లలో ఏ క్షణానైనా ఒకటి ఖాళీగా ఉంటుంది. దాని ముందునుంచి అయస్కాంతం వెళ్తే సైకిల్ డైనమోలో పుట్టినట్టే కొంచెం కరెంటు పుడుతుంది. ఆ వోల్టేజీని చూసి అయస్కాంతం జాడ కనిపెడతారు. సెన్సర్ల ఖర్చు తప్పుతుంది. ఒక్కటే చిక్కు. సైకిల్ నెమ్మదిగా తొక్కితే డైనమో లైటు వెలగదు కదా! ఇక్కడా అంతే. వేగం బాగా తగ్గితే జాడ దొరకదు. మోటారు వణుకుతుంది, ఆగిపోతుంది. ఆగిన మోటారులోకి కరెంటు ఎగదన్నుతుంది. ఈఎస్‌సీ పొగ కక్కేది అప్పుడే.

ఒకరి భాష ఒకరికి రాదు

అసలు తంటా ఇప్పుడు మొదలవుతుంది. యంత్రానికి మనమిచ్చే ఆదేశాల భాష పేరు జీ-కోడ్. అందులో 'ఎం3 ఎస్10000' అని రాస్తే స్పిండిల్‌ని పదివేల వేగంతో తిప్పమని. 'ఎం5' అంటే ఆపమని. గెర్బల్ ఈ మాటని కరెంటు మిణుకుల్లోకి మారుస్తుంది. సెకనుకి సుమారు వెయ్యిసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉండే సమయం ఎక్కువైతే ఎక్కువ వేగం. సగం సమయం ఆన్‌లో ఉంటే సగం వేగం. బ్రష్షుల మోటారుకి ఈ భాష చక్కగా అర్థమవుతుంది.

ఈఎస్‌సీ మాత్రం రిమోట్ విమానాల లోకంలో పుట్టి పెరిగింది. దాని లెక్క వేరు. సెకనుకి యాభైసార్లు ఒక మిణుకు రావాలి. ఆ మిణుకు ఒక మిల్లీసెకను ఉంటే 'ఆగు' అని, రెండు మిల్లీసెకన్లు ఉంటే 'పూర్తి వేగం' అని, ఒకటిన్నర అయితే 'సగం' అని. గెర్బల్ పంపే మిణుకు ఎంత సాగదీసినా ఒక మిల్లీసెకనుకి మించదు. ఒకరు తమిళం, ఇంకొకరు బెంగాలీ మాట్లాడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. తీగలన్నీ సరిగానే కలిపినా మోటారు పలకదు. చాలామంది మోటారు పాడైందనుకుని ఇంకోటి కొనేది ఇక్కడే!

దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, గెర్బల్ ప్రోగ్రామ్‌లోనే గడియారాన్ని నెమ్మది చేయడం. అప్పుడది సెకనుకి వెయ్యికి బదులు 61 మిణుకులు పంపుతుంది. ఈఎస్‌సీకి అర్థమయ్యే వరసలోకి వస్తుంది. పైసా ఖర్చులేదు. అయితే వేగంలో పదహారు మెట్లు మాత్రమే దొరుకుతాయి. పదివేల చుట్ల మోటారైతే మెట్టుకి సుమారు ఆరువందల తేడా. చెక్కపనికి ఇది చాలు. ఇంకోమాట... 'ఆపు' అన్నప్పుడు సున్నా కాకుండా ఒక మిల్లీసెకను మిణుకు వెళ్లేలా చూడాలి. మిణుకే రాకపోతే 'రిమోట్ తెగిపోయింది' అనుకుని ఈఎస్‌సీ అలిగి కూర్చుంటుంది.

రెండోది, మధ్యలో దుబాసీని పెట్టడం. చిన్న ఆర్డ్యుయినో నానో బోర్డు ఒకటి గెర్బల్ మాట విని, ఈఎస్‌సీ భాషలో చెబుతుంది. మెట్లు సన్నగా ఉంటాయి. వేగాన్ని ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెంచమనీ దానికి నేర్పొచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

మూడోది, పారిశ్రామిక పద్ధతి. స్పిండిల్‌గానే తయారైన 48 వోల్టుల బ్రష్‌లెస్ మోటారు, దానికి తగ్గ డ్రైవరు కొనడం. ఈ డ్రైవర్లలో చాలావరకు 0 నుంచి 10 వోల్టుల సంకేతాన్ని వేగంగా అర్థం చేసుకుంటాయి. గెర్బల్ మిణుకుల్ని వోల్టేజీగా మార్చే చిన్న బోర్డు మధ్యలో పెడితే సరి. ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ.

వీటన్నిటికన్నా తేలిక, సర్వో టెస్టర్ అనే గుండీ పెట్టి చేత్తో తిప్పుకోవడం. మోటారు బాగుందో లేదో చూడటానికి ఇది భేష్. రోజువారీ పనికి మాత్రం వద్దు. పని అయిపోయినా, ఏదైనా తేడా వచ్చినా యంత్రం దానంతటది మోటారుని ఆపలేదు.

ఎంత వేగం, ఎంత నడక?

పగ్గం దొరికింది. ఇక ఎంత వేగంతో తోలాలి? వేగం ఎక్కువైతే మంచిదే అనుకుంటారు చాలామంది. కాదు! బిట్టు తిరిగే వేగానికీ, అది ముందుకి నడిచే వేగానికీ పొత్తు కుదరాలి. లెక్క సులువే. నిమిషానికి చుట్లని బిట్టుకున్న అంచుల సంఖ్యతో, ఒక్కో అంచు కోసే మందంతో గుణించాలి. రెండంచుల బిట్టు, పదివేల చుట్లు, ఒక్కో అంచుకి 0.05 మిల్లీమీటర్లు అయితే నిమిషానికి వెయ్యి మిల్లీమీటర్ల నడక.

నడక అంతకన్నా బాగా తగ్గితే అంచు కోయదు, రాసుకుంటుంది. చెక్క నల్లబడుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి బిట్టుకే అతుక్కుపోతుంది. అందుకే యాక్రిలిక్‌కి ఒకే అంచున్న బిట్టు వాడతారు. సర్క్యూట్ బోర్డు గీసే సూదిమొన బిట్టు కథ వేరు. మొన సన్నం కాబట్టి చుట్లు ఎంత ఎక్కువుంటే గీత అంత శుభ్రంగా వస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. 'తిరుగు' అనగానే మోటారు పూర్తి వేగం అందుకోదు, రెండు మూడు సెకన్లు పడుతుంది. గెర్బల్ అంతసేపు ఆగదు, బిట్టుని చెక్కలోకి దించేస్తుంది. పుటుక్కుమని విరిగేది అప్పుడే. 'ఎం3' తర్వాత 'జీ4 పీ3' అని ఒక వరస రాస్తే మూడు సెకన్లు ఆగి మరీ దిగుతుంది.

డ్రోన్ మోటారు చెక్క కోస్తుందా?

డ్రోన్ మోటారు చౌక కదా, అదే పెడితే పోలా? పెట్టొచ్చు కానీ మూడు తకరార్లున్నాయి. ఒకటి, దాని బేరింగులు పంకా లాగుడుకి చేసినవి. పక్కనుంచి చెక్క నెడుతుంటే త్వరగా వదులవుతాయి. బిట్టు ఊగుతుంది, గీత వంకరపోతుంది. రెండు, ఆకాశంలో పంకా గాలే దానికి చలువ. బల్లమీద ఆ గాలి ఉండదు. వేరే ఫ్యాను పెట్టకపోతే వేడెక్కిపోతుంది. మూడు, వీటిలో ఎక్కువ వాటికి బయటి డొప్పే తిరుగుతుంది. చెయ్యి తగిలిందా, అంతే సంగతులు!

వేగం లెక్కలోనూ మోసపోవద్దు. మోటారుమీద 1000 కేవీ అని ఉంటే అది కిలోవోల్టులు కాదు. వోల్టుకి వెయ్యి చుట్లని అర్థం. 12 వోల్టులిస్తే పన్నెండువేలు. అదీ బరువేమీ లేనప్పుడు. బిట్టు చెక్కలోకి దిగగానే వేగం పడిపోతుంది. మామూలు ఈఎస్‌సీకి ఆ సంగతి పట్టదు. హాల్ సెన్సర్లున్న మంచి డ్రైవరు మాత్రం వేగాన్ని ఎప్పటికప్పుడు కొలుచుకుని, తగ్గిన మేరకు కరెంటు పెంచుతుంది. ఘాట్ రోడ్డులో డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కినట్టు. రిమోట్ హెలికాప్టర్ల ఈఎస్‌సీల్లో 'గవర్నర్' అని ఉండేదీ ఇలాంటి ఏర్పాటే. కాబట్టి ఆదేశంలో పదివేలని రాశాం కదా అని నమ్మకుండా టాకోమీటరుతో ఒకసారి కొలిచి చూసుకోవడం మంచిది.

వేళ్లు జాగ్రత్త!

సరదా సంగతి సరే, ఇది బొమ్మ కాదు. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే ఉక్కు మొన. ఇంట్లో పిల్లలున్నప్పుడు కొన్ని నియమాలు తప్పవు.

* అన్నిటికన్నా ప్రమాదం, చెప్పకుండా తిరగడం. కరెంటు పెట్టగానే బోర్డు మేలుకునేలోపు సంకేతం తీగ గాలిలో ఉన్నట్టే. ఆ తీగని ఒక రెసిస్టరుతో గ్రౌండుకి కట్టేస్తే అనవసరపు కబురు పోదు. ముందు బోర్డుకి, తర్వాతే మోటారుకి కరెంటివ్వాలి.
* బిట్టు మార్చేటప్పుడు మోటారు కరెంటు పూర్తిగా తీసేయాలి. 'ఎం5 ఇచ్చానుగా' అంటే కుదరదు.
* ఎర్రగుండీ తప్పనిసరి. అది కంప్యూటర్‌కి కబురుపెట్టేది కాకూడదు. మోటారు కరెంటునే తెంచేదై ఉండాలి.
* బిట్టుని డ్రిల్ చక్కులో బిగించొద్దు. అది నిలువు ఒత్తిడికే పనికొస్తుంది. పక్క ఒత్తిడికి కాలెట్ కావాలి. చిన్న స్పిండిళ్లకి ఈఆర్11 రకం సరిపోతుంది.
* కళ్లద్దాలు పెట్టుకోవాలి. చేతి తొడుగులు మాత్రం వద్దే వద్దు. తిరిగే మొన వాటిని పట్టి లాగేస్తుంది. జడ, చున్నీ, వదులు చొక్కాచేతులు... అన్నీ సర్దుకున్నాకే పని.
* సర్క్యూట్ బోర్డు పొడిలో గాజు పీచు ఉంటుంది. ఎండీఎఫ్ చెక్క పొడిలో జిగురు ఉంటుంది. మాస్కు, వ్యాక్యూమ్ లేకుండా పడకగదిలో ఈ పని పెట్టుకోకూడదు.
* మోటారు తీగల్నీ, సెన్సర్ల తీగల్నీ ఒకే కట్టగా కట్టొద్దు. అలజడి పాకి యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది.

సికింద్రాబాద్‌కి కొత్తేం కాదు

లోహం కోసే విద్య సికింద్రాబాద్‌కి నిన్నమొన్న వచ్చింది కాదు. 1943లోనే కవాడిగూడలో ప్రాగా టూల్స్ మొదలైంది. లేతు యంత్రాలకి చక్కులు, గ్రైండింగ్ యంత్రాలు చేసి పేరు తెచ్చుకుంది. తర్వాత హెచ్ఎంటీ గొడుగు కిందికి వెళ్లింది. 1968లో బాలానగర్‌లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ని పెట్టింది. ఆ చుట్టుపక్కల వీధుల్లో షెడ్డుకో లేతు, మిల్లింగ్ యంత్రం వెలిశాయి. ఎన్నో కుటుంబాలు దాని మీదే బతికాయి. 2023 మార్చిలో రాయదుర్గంలో 78 వేల చదరపు అడుగుల్లో టీ-వర్క్స్ తెరుచుకుంది. ఆలోచనని వస్తువుగా మలిచి చూసుకోవాలనుకునేవాళ్లకి అదో ప్రయోగశాల.

సామాన్లకీ కొదవలేదు. బేరింగులు, బోల్టులు, కోత పనిముట్లకి రాణీగంజ్ ఉండనే ఉంది. 'ఎంత సైజుల కావాలె తమ్మీ?' అంటూనే వెర్నియర్ కాలిపర్ తీసి కొలిచే దుకాణదారులు అక్కడుంటారు. ఇంజినీరింగ్ పుస్తకంలో లేని చాలా సంగతులు ఆ కౌంటర్ దగ్గరే తెలుస్తాయి. కంప్యూటర్ సరంజామాకి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఎలక్ట్రానిక్ విడిభాగాలకి హుస్సేన్‌సాగర్ దాటితే కోఠీ గుజరాతీ గల్లీ.

కొనాలా, చేయాలా?

ఇంట్లో అబ్బాయో అమ్మాయో 'సీఎన్‌సీ కట్టుకుంటా' అంటే చాలామంది తల్లిదండ్రులు రెండు రకాలుగా స్పందిస్తారు. 'చదువు పాడవుతుంది, వద్దు' అని కొందరు. ఖరీదైనది కొనిచ్చేసి చేతులు దులుపుకునేది మరికొందరు. రెండూ సరికాదు. చివరి ఏడాది ప్రాజెక్టుని డబ్బిచ్చి తయారుగా కొనుక్కుని, ఇంటర్వ్యూలో 'ఈ మోటారు వేగం ఎలా మారుస్తున్నావు?' అని అడిగితే నీళ్లు నమిలే పిల్లలు మన దగ్గర తక్కువేమీ లేరు. అలాంటప్పుడు సొంతంగా కష్టపడి తిప్పిన ఒక్క మోటారు నాలుగు సర్టిఫికెట్ల పెట్టు. విరిగిన బిట్టు, కాలిన ఈఎస్‌సీ దండగ ఖర్చు కాదు, ఫీజు కిందే లెక్క.

మొదట చౌక బ్రష్షుల మోటారుతోనే మొదలుపెట్టనివ్వండి. కదలికలు, కోతలు, లెక్కలు చేతికొచ్చాక బ్రష్‌లెస్‌కి మారొచ్చు. మొదటి పరీక్ష బిట్టు లేకుండా చేయాలి. రెండోది థర్మోకోల్ మీద. మూడోది చెక్కమీద. ఎర్రగుండీ పెట్టేదాకా మాత్రం ప్లగ్గు గుచ్చనివ్వకండి. ఆ ఒక్క విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు!